దివిటీలోళ్ళం

చిత్తూరు బస్టాండులో గంటంబావు నిలబడినాం,
నేనూ, మా చెంగమ్మత్తా,
ఆమె చంకలో చిత్రాన్నం డబ్బా.
వచ్చిన ప్రతి బస్సూ తిరుపతికే.
చంద్రగిరి ఊళ్ళోకి మాత్రం ఏదీ పోదంట.
"బైపాసులో దించేస్తా, ఇష్టముంటే ఎక్కండి."
మా మొహాలు చూడకుండానే కండక్టరు
తిరుపతి దాకా టికెట్టు కొట్టినాడు.

పూతలపట్టు దాటినాక టైరు పగిలింది.
కొండకు పోయేవాళ్ళు గోవిందా అన్నారు,
డ్రైవరు ఇంకేదో అన్నాడు.
చెరుకురసం బండి నీడలో
అత్త చెప్పులిడిచి కూర్చునింది,
డెబ్బయ్యొక్కేళ్ళ మోకాళ్ళను
రెండు చేతులతో చెరో పక్కకీ సర్దుకుని.

ఆమెకు ఒకటే పట్టు:
కన్ను మూసేలోగా
ఇంటిపేరు పుట్టిన చోటు చూడాల.
దివిటీల.
రేషన్ కార్డులో దేవిటి అని పడింది,
ఆధార్‌లో డివితి,
కరెంటు బిల్లుకొచ్చేసరికి ఒక్క డి మిగిలింది.
"రాజు రాత్రిపూట అడుగెయ్యాలంటే
ముందు మనోడు వెయ్యాల"
అని వాళ్ళబ్బ చెప్పేవాడంట,
ఆకూవక్కా నములుతా,
చెప్పిన ప్రతిసారీ ఒక తరం ఎక్కువ చేసి.
నేను నమ్మినానా అంటే,
ఏమో.
సెలవు పెట్టి వచ్చినా, అంతే.

బైపాసులో ఎండ.
ఆటో మస్తాను రెండొందలన్నాడు,
అత్త నలభై అనింది,
ఇద్దరూ నూటయాభై కాడ కోపంగా ఆగినారు.

కోట గోడ మొదటి వాకిట్లో
వరిగడ్డి ట్రాక్టరు ఇరుక్కుపోయి ఉండాది.
ముందుకూ పోదు, వెనక్కూ రాదు.
వెనక అన్ని బండ్లూ హారన్లు.
ఎవురి పెండ్లికో పోతాండారా వీళ్ళంతా
అని గొణుక్కుంటా అత్త దిగింది.
రాతిగోడలో నిలువెత్తు ఎత్తున ఒక గూడు.
అందులో నల్లగా, మందంగా, జిడ్డుగా మసి.
వేలు పెట్టి గీకింది.
వాసన చూసింది.
ఏమీ మాట్లాడలా.
నిన్నమొన్న ఎవురో పొయ్యి పెట్టుకున్న మసి కావచ్చు,
తాగుబోతులు రాజేసిన మంట కావచ్చు.
చెప్దామని నోరు తెరిచినా,
ఇంతలో ట్రాక్టరు కదిలింది.

మహలు కాడికి పోతే గేటుకు తాళం.
శుక్రవారం సెలవు.
నేను ఫోన్లో అన్నీ చూసినా,
బస్సు టైములూ, టికెట్టు రేటూ, వానొస్తాదో లేదో.
వారం చూడలా.

కాపలా ఏకాంబరం మంచోడు.
తాళమైతే తియ్యలేదు గానీ
స్టూలు తెచ్చి అత్తకేసినాడు.
కమ్మీల సందులోంచి వేలు చూపిస్తా
"చెన్నపట్నం నేల ఇంగ్లీషోళ్ళకు
రాసిచ్చింది ఈ మహల్లోనే అంటారు పెద్దమ్మా,
రాజుగారు చేవ్రాలు పెట్టింది ఇక్కడే" అన్నాడు.

అత్త చానాసేపు ఆ మేడల పక్కే చూసింది.
"చేవ్రాలు పగులు పెట్నాడా, రాత్రా?"
ఏకాంబరానికి అది ఎవురూ చెప్పలా.
"రాత్రైతే మాత్రం,
ఎవురో ఒకరు వెలుతురు పట్టుకోనుంటారు గదా నాయనా."

నాకు ఒళ్ళు మండిపోతాండాది,
నూటయాభై, టైరు, ఎండ, తాళం.
ఇంత దూరం వచ్చి లోపలికి పోకుండానా?
"లోపల మనకేం పనిరా రెడ్డెప్పా,
మనోళ్ళు నిలబడింది వాకిట్లోనే గదా"
అని ఆమె డబ్బా మూత తీసింది.
ముగ్గురం తిన్నాం.
ఏకాంబరం రెండోసారి పెట్టించుకున్నాడు.

కడుపు నిండినా నా కోపం తగ్గలా.
ఫిర్యాదు పుస్తకముంటే ఇయ్యమన్నా.
వెతికి తెచ్చినాడు, అట్ట మీద చెదలు.
పెన్ను తీసుకుని
ఎవుర్ని తిట్టాలో తెలీక ఆగినా.

"అత్తా, ఏం రాసేది?"
"వచ్చినామని రాయి."

రాసినా.
కింద ఆమె చేవ్రాలు చేసింది,
వయోజన బడిలో నేర్చుకున్న నాలుగక్షరాలు,
ఒక్కొక్కటీ ముగ్గు పెట్టినట్టు.
దివిటీల.
సర్కారు పుస్తకంలో తప్పు లేకుండా మొదటిసారి.
పక్కన, కాగితం జారకుండా పట్టుకున్న చోట,
నల్లగా ఒక వేలు.

తిరుగు బస్సులో సీటు దొరకలా.