దిగబాకండి

చెప్పులు ఈడ పెట్టండి. జతకి అయిదు.
టోకెను జేబులో వెయ్యబాకండి,
తడిబట్టలు పిండేటప్పుడు జారిపోద్ది.
కొంగుకి ముడేసుకోండి, మొలతాడుకి కట్టుకోండి,
ప్యాంటు అయితే పర్సులో పెట్టుకో నాయనా.

ఎండ చూశారా, పదిన్నరకే రాళ్ళు కాలతా ఉండాయి.
గాలిగోపురం కాణ్ణించి రేవు దాకా
గోనెపట్టా పరిచిన మేరే నడవండి.
పట్టా తడిపేది నేనే, గంటకి రెండు బిందెలు.
దేవస్థానం వాళ్ళకి ఈ సంగతి తెలవదు.
చెప్పబాకండి.

మెట్టు మీద కూచోనుండే ఆ విభూతి రేకలాయన
గోత్రం అడుగుతాడు, నచ్చత్రం అడుగుతాడు,
మీ ఇంట్లో అందరూ మర్చిపోయిన మేనత్త పేరు కూడా రాబడతాడు.
సంకల్పం మొదలుపెట్టకముందే రేటు మాట్లాడుకోండి.
అయినాక అడిగితే
కామాక్షమ్మ ముందర బేరమాడినట్టుంటది, మీరే సిగ్గుపడతారు.
ఆయన ఆ సిగ్గు మీదే బతకతా ఉండాడు పాపం.

నెల్లూరు బస్సు ఎళ్ళిపోయిందంటాడు ఆటో పిల్లోడు.
పోలా.
మస్తానమ్మ చెప్పిందని చెప్పండి.
వాడు నా తోడికోడలి కొడుకే.

ప్రసాదం పొట్లం పైకి కనపడనీబాకండి.
కోతులు ఆడోళ్ళ సంచులే చూసుకుంటాయి,
మొగోళ్ళ జోలికి పోవు. ఎందుకో నాకూ తెలవదు.

ఇంక ఏరు.

ఏరంటే మీకు నీళ్ళే కనపడతాయి.
మోకాటి లోతు. అడుగున ఇసక. ఇసక మీద మీ నీడ.
చాపపిల్లలు కాళ్ళు కొరికితే నవ్వతారు.
అయిదడుగులు అట్టా నవ్వతానే పోతారు.
ఆరో అడుక్కి పెన్నమ్మ ఉండదు,
ఇసక తోడుకపోయిన గుంట ఉంటది.
లోతుకీ మెరకకీ
పైన నీళ్ళు ఒకటే మొహం పెడతాయి.

పసుప్పచ్చ గుడ్డలు కట్టి ఆ కర్రలు పాతింది మా ఆయన.
వొరదకి కొట్టుకపోతే మళ్ళీ పాతతాడు.
కర్రలు దాటి దిగబాకండి.
ఈతొచ్చినోళ్ళు మరీ దిగబాకండి.
ఈత రానోడు భయపడి గట్టునే ఉంటాడు,
మా ఆయన తీసిందంతా ఈతొచ్చినోళ్ళనే.
ఒకరు జారితే ఇంకొకరు దూకబాకండి,
చీరె విసరండి.
ఈ రేవులో చీరెని మించిన తాడు లేదు.
సిగ్గు తర్వాత పడొచ్చు.

చెప్పులు చూసుకునేదానికి ఇన్ని మాటలెందుకంటారా?

పోయిన మాఘంలో కనిగిరి నుంచి ఆరుగురు పిల్లకాయలు.
ఆరు జతలు.
మధ్యాన్నానికి అయిదు జతలు తీసుకపోయినారు,
ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా,
లేసులు కట్టుకోకుండా.
ఆరోది తెల్ల బూట్లు.
ఎడమదాంట్లో, మడమ కరవకుండా
దూది పెట్టుకోనుండాడు.
కొత్తయ్యి.

తొమ్మిదో రోజు వాళ్ళ నాయన వొచ్చినాడు.
టోకెను ఇచ్చినాడు. ఇరవై ఆరు.
పర్సులో భద్రంగా ఉండిందంట.
పది రూపాయల కాయితం కూడా ఇచ్చినాడు.
నేను చిల్లర తీసే లోపల
బూట్లు రెండూ సంకలో పెట్టుకోని
బస్సు కాడికి పోయినాడు, అడావిడేం లేకుండా,
ఎవరో ఎదురుచూస్తా ఉండారన్నట్టు కాకుండా.

ఆ అయిదు రూపాయల బిళ్ళ డబ్బాలో కలపలా.
ఇదిగో, ఈ ముడిలో ఉండాది.
ఆయన మళ్ళీ ఈ దోవన రాడు. తెలుసు.
అయినా లెక్క లెక్కే కదా.

సరే, గుడి మూసే టయమయితా ఉంది.
అమ్మ కాడ నిలబడనీరు, నెట్టేస్తారు,
అడగాల్సింది వరసలోనే అనుకోని పోండి.
మీ నెంబరెంత?
పన్నెండు.
ఇంకొకసారి, పైకి చెప్పండి.

ఆ. పోయిరండి.
చీకటి పడిందాకా ఈడే ఉంటా,
ఒక్క జత మిగిలినా.