నీడ కొలత

శుక్రవారం శుక్రవారం శ్మశానంలో గడ్డి కోస్తాను.
కౌన్సిల్ వాళ్ళ ఎర్ర మోవర్, చెవులకు మూతలు,
మరంబిడ్జీ నది మీంచి తడి బెరడు వాసన.
పాలరాతి వరసల దగ్గర జాగ్రత్తగా తిప్పుతాను.
కంచె పక్క ఖాళీ జాగాలో మాత్రం
గేరు పెంచి మూడు చుట్లలో ముగించేదాన్ని.
రెండేళ్ళు.
ఖాళీ అనే అనుకున్నాను.

మార్చిలో వాళ్ళొచ్చారు, పురికొస ఉండలతో,
పసుపు జెండాల కట్టతో, ఒక డబ్బా బిస్కెట్లతో.
లటోయా ముందు, వాళ్ళ అమ్మమ్మ చెయ్యి పట్టుకుని.
వెనక ముర్తజా, మాంసం ఫ్యాక్టరీ రాత్రి షిఫ్టు దిగి
బూట్లయినా మార్చకుండా.
ఆ వెనక ఇమోజెన్. గేటు మీది రాగి పలకలో
ఉన్న ఇంటిపేరే ఆ పిల్ల ఇంటిపేరు.
ముత్తాత నాటి లెడ్జరు మోసుకొచ్చింది.
కంచె వైపు పేజీలో అంకెలున్నాయి, పేర్లు లేవు.
"నేటివ్, ఆడ." "నేటివ్, పిల్ల."
ఆ అక్షరాల్ని బొటనవేలితో తుడిచింది
దుమ్మేమో అన్నట్టు.

మెర్ల్ ఆంటీకి లెడ్జరు అక్కర్లేదు.
"మా పెద్దక్క ఐవీ ఇక్కడ. పెప్పర్ చెట్టు నీడ కొస
మార్చి నెల మూడింటికి ఎక్కడ పడితే అక్కడ.
రాయి పెట్టనివ్వలేదు. నీడని గుర్తుపెట్టుకోమంది అమ్మ."
మిరియాలకీ ఆ చెట్టుకీ ఏ చుట్టరికమూ లేదు, పేరే.

పిల్లలు మొహాలు చూసుకున్నారు.
"డెబ్భై ఏళ్ళయింది ఆంటీ. చెట్టు పెరిగింది.
నీడా పెరిగుంటుంది కదా?"
ఆంటీ పళ్ళు లేని పక్కకి నవ్వింది.
"అయితే లెక్క కట్టండి. బడికెందుకు పోయారు మరి?"

మోవర్ ఆపేశాను.
ఆపినా అరచేతుల్లో వణుకు ఆగలేదు.

మా ఊళ్ళో మాదిగల బొందలగడ్డ వాగు అవతల.
పెద్ద వానకి గట్టు కోసుకుపోయి ఎముకలు తేలేవి.
"అటు చూడకు" అనేది మా నాయనమ్మ.
చూడలేదు. ఎవరివని అడగనూ లేదు.
ఇక్కడ కారద్దం దించి "మీ దేశం పో" అని అరిచినవాడి మీద
నా కోపం నిజమే.
అదే వారం, సూపర్‌మార్కెట్ వరసలో
లటోయా తమ్ముడు నా వెనక నిలబడితే
హ్యాండ్‌బ్యాగ్ జిప్పు లాగాను.
అదీ నిజమే. ఆ చప్పుడు వాడు విన్నాడు.

ముప్ఫై ఏడు జెండాలు నాటారు.
ఐవీది ఒక్కటే మిగిలింది.
పాత ఫోటోలో చెట్టు పక్కనున్న గుర్రాన్ని బట్టి
అప్పటి ఎత్తు అంచనా కట్టాడు ముర్తజా.
అయినా కుదరలేదు. ఉన్నట్టుండి లటోయా అంది:
"అప్పట్లో వేసవికి గడియారం ముందుకు జరిపేవాళ్ళు కాదు.
ఆ మూడంటే మనకి నాలుగు!"
నాలుగయ్యేదాకా బిస్కెట్లు తింటూ కూర్చున్నాం.
నన్నూ కూర్చోమన్నారు.

ఏప్రిల్‌లో ఓ రాత్రి ఎవరో ట్రక్కుతో తొక్కించి
జెండాలన్నీ పీకేశారు. గేటు మీద ఒక మాట రాశారు.
దాన్ని నేను తెలుగులో కూడా రాయను.
పొద్దున్నే ఇమోజెన్ టర్పెంటైన్‌తో రాగి పలక రుద్దుతోంది.
లటోయా ఏడవలేదు, తిట్టింది, చాలాసేపు తిట్టింది.
ముర్తజా చతికిలబడి నోట్‌బుక్ తెరిచాడు.
"గేటు స్తంభం నించి పద్నాలుగు మీటర్ల ఇరవై,
కంచె నించి మూడున్నర... ఎవరన్నా టేపు పట్టుకోండి."
నేను పట్టుకున్నాను.

ఇప్పుడు ఆ జాగాకి రెండు గంటలు పడుతుంది.
జెండాల చుట్టూ మోకాళ్ళ మీద, కత్తెరతో.
టైమ్‌షీట్‌లో "ఆలస్యానికి కారణం" గడిలో
ఆంటీ నేర్పిన విరాడ్జురి మాట రాశాను, యిండ్యమర్ర.
గౌరవం అని అర్థమట. నిదానం అని కూడా.
సూపర్‌వైజర్ గ్లెన్ ఫోన్ చేసి స్పెల్లింగ్ అడిగాడు.
నాకూ సరిగ్గా రాదు.
"శుక్రవారం రా," అన్నాను. "లటోయా ఉంటుంది.
కత్తెర తెచ్చుకో."