బోర్లించి చూడు

మూడేళ్ళు అమ్మాను నేను
ఒక్క కుర్చీని కూడా బోర్లించి చూడకుండా.

పోజ్నాన్ శివారులో, ట్రాము ఆఖరి స్టాపు దగ్గర దుకాణం.
"గట్టిదేనా అమ్మాయ్?" అంటే
"చాలా గట్టిదండీ" అనేదాన్ని,
పరుపు మీద అరచేత్తో ఒకసారి తట్టి.
ఆ తట్టడం కూడా శిక్షణలో నేర్పిందే.

నవంబరులో బొగుమీవా గారు వచ్చారు.
సంచీలోంచి ఒక సోఫా కాలు తీసి
బిల్లు పుస్తకం పక్కన పెట్టారు.
తిట్టలేదు.
"మా ఆయన కూర్చుని బూట్లు విప్పుకుంటున్నాడు" అన్నారు, అంతే.
కాలి చివర రెండు మరలు,
వాటిని పట్టుకుని వేలెడు చెక్కపొట్టు.

మర్నాడు నన్ను నేలమాళిగకి పంపారు,
జెనోబియుష్ దగ్గరికి, రెండు వారాలు.
ఆయన పలకరింపు: "కత్తెర తే."

సోఫాని వెల్లకిలా తోసి
అడుగున నల్లగుడ్డ చీల్చాడు.
ఇటాలియన్ సొగసు అని నేను అమ్మినదాని లోపల
అట్టముక్కలు, స్టేపుల్ పిన్నులు,
ఎవరో నమిలి ఊసిన పొద్దుతిరుగుడు తొక్కలు.
ఎవరి స్నానాలగది తలుపో
పొరపాటున తీసినట్టు సిగ్గేసింది.

"ముందు కాలు ఒకటి పట్టుకుని జానెడు ఎత్తు.
రెండోది వెంటనే లేచిందా, చట్రం మాట మీద నిలబడుతుంది.
నేలనే పట్టుకుని వేలాడిందా, మెలి తిరుగుతోందన్నమాట.
అమ్మకు. లేదా, చెప్పి అమ్ము."

చేవ ఉన్న చెక్కని గీకితే గోరే అరుగుతుంది.
కుసి కన్నంలోకి దిగేటప్పుడు
గూటం చప్పుడు మారుతుంది:
మొదట డొల్లగా, తర్వాత పొడిగా, చివర
ఇక చాలు అన్నట్టు.
ఆ చివరిది వినడానికి నాకు ఆరు రోజులు పట్టింది.

సొరుగు మూల కోతని వీళ్ళు వానకోయిల తోక అంటారు.
మేకు లేదు, మర లేదు, లాగినకొద్దీ బిగుసుకునే తోక.
నేను కోసినదాంట్లో అగ్గిపుల్ల దూరింది.
జెనోబియుష్ ఆ సందులోకి ఊది
ఈల వస్తుందేమో అని చాలాసేపు చూశాడు.

పైకి వచ్చాక నా అమ్మకాలు పడిపోయాయి.
కుర్చీని తలకిందులు చేస్తే జనం వెనక్కి జరుగుతారు.
"నిన్ను తివాచీల వైపు వేస్తాను,
వాటికి అడుగు ఉండదు" అంది మేనేజరు.

తర్వాత ఒక జంట. అద్దె గది, ఆమెకి ఏడో నెల.
అన్నిటికన్నా చౌకదాని మీద చెయ్యి వేశారు.
"ఇది నాలుగేళ్ళు. పిల్లల్ని ఎగరనివ్వకండి" అన్నాను.
అతను వేళ్ళు లెక్కపెట్టుకున్నాడు.
"నాలుగేళ్ళా! మా అద్దె కాగితం ఏడాదికే."
కొన్నారు.

నిన్న స్నేహితురాలి ఇంట్లో భోజనం.
సూపు వచ్చేలోగా బల్ల కిందికి దూరాను.
చెవిపోగు పడిందనుకుని అందరూ కాళ్ళు ముడుచుకున్నారు.
అక్కడ, చిత్రిక పట్టని గరుకు మీద,
పెన్సిలుతో ఒక బాణం, "కిటికీ వైపు" అని.
పక్కనే, ఎండిన జిగురులో
సగం బొటనవేలు.
పైనుంచి ఎవరో అడుగుతున్నారు
దొరికిందా, అని.