పలకముక్కల నేల

తర్లుపాడు రోడ్డు పక్కన మా పాలెం మందిరానికి
చీమకుర్తి నల్లరాయి పరిపిద్దామని తీర్మానం.
చందాల పుస్తకం నా చేతిలో,
గడ్డపార మౌలాలి చేతిలో.

పాత నేలంటే ఏముంది,
పలకల గనిలో పనికిరావని పారేసిన తునకలు.
పొద్దుగూకాక కూలి డబ్బులతోపాటు
ఒక్కొక్కటి తలగుడ్డలో చుట్టుకొచ్చి
మా ముందువాళ్లు దేవుడికి పరిచిన చాప.

ప్రసంగ పీఠం కింద గడ్డపార ఆగింది.
"అమ్మా, దీనిమీద ఏందో గీసుండారు"
దుమ్ము ఊదుతూ అన్నాడు మౌలాలి.

బోర్లా వేసిన పలక.
బలపం రాత కాదు, తడిగుడ్డకు పోయేదీ కాదు,
మేకుతో గీకింది.
ముందొక గుండ్రం, చుట్టూ తోలు బిగించిన వార్లు.
కింద నిలువు గీతలు:
రెండు పొట్టివి, ఒకటి పొడుగు,
మళ్లీ రెండు పొట్టివి, ఒక చుక్క.
అడుగున వంకరగా:
కర్తా చేతులు ఊరకుండవు

'కర్త'కు వలపలగిలక పెట్టాడు,
అంటే మా తాత చదువుకన్నా ముందటి చదువు.
'ఊరకుండవు'లో సున్నా మరిచి
తర్వాత పైన ఇరికించాడు.

ఆ రాత్రి సంఘం పాత రిజిస్టరు తీశాను.
చెదలు తిన్నంత తినగా మిగిలింది.
నిన్నటి పేరు, ఇవాళ్టి పేరు, విడిచినవి.
పోలేరయ్య, పౌలు, కల్లు.
లచ్చి, లోయీ, సోది చెప్పుట.
ఓబులు, ఓబద్యా, డప్పు.

ఊళ్లో చావుకైనా పెళ్లికైనా కొట్టాల్సిన డప్పు,
కొట్టనంటే వీపు చిట్లే డప్పు.
దాన్ని విడిచిన పూట ఏడ్చాడో
హమ్మయ్య అనుకున్నాడో
రాయడానికి ఆ రిజిస్టరులో గడి లేదు.
రెండూ అయ్యుంటాయి.
పలక గీసింది ఆయనేనని నేననను.
ఓబద్యాకు అక్షరాలొచ్చో రావో.

చూపు పోయిన తబితమ్మ ఒళ్లో పలక పెట్టాం.
చంటిబిడ్డకు పళ్లొచ్చాయేమో చూసినట్టు
వేలితో ఒక్కో గీతా తడిమింది.
తర్వాత మోకాలిమీద కొట్టింది.
"ఇది మన క్రిస్మసు రాత్రి దెబ్బే గదే!
ఆఖర్న ఇంకోటుండాలే."

అవును, అదే.
తెల్లవారుజామున ఇల్లిల్లూ తిరిగి పాడేటప్పుడు
మొదట నూనె డబ్బామీద, తర్వాత కంజీరమీద,
ఇప్పుడు కరెంటు ప్యాడుమీద
ఎవరూ నేర్పకుండానే పడే దెబ్బ.
ఇన్నేళ్లూ చెప్పులు బయట విడిచి
దానిమీదే నిలబడి పాడాం.
పాదాలకు తెలుసు అనడం కవిత్వం.
తెలీదనడానికి నోరు రావడం లేదు.

పాస్టరుగారు గోడకు అద్దాల పెట్టె అన్నారు.
ఒంగోలు నుంచి ఎవరో ప్రొఫెసరు
ఉన్నచోటు నుంచి కదిలించొద్దని ఫోను చేశాడు,
అప్పటికే కదిలించాం.
"విడిచింది విడిచిందే, మళ్లా ఎందుకు తవ్వడం"
అని లేచి వెళ్లిపోయాడు పెద్ద జెకర్యా.
వెళ్తున్న ఆ వీపు చూసి
నేనేమీ అనలేకపోయాను.

ఏ మాటా తేలేదాకా
పలక మా ఇంట్లో, పగలకుండా, బియ్యం డబ్బాలో.
పొద్దున్నే సోల ముంచితే చేతికి చల్లగా తగులుతుంది.
ఒక మూల విరిగిపోయింది,
మౌలాలి గడ్డపారకో, అంతకు ముందే ఎప్పుడో.
తబితమ్మ చెప్పిన ఆ ఒక్కటీ
ఆ మూలనే ఉండుంటుంది.

సోల అంచును డబ్బాకేసి కొట్టి
బియ్యం సమం చేస్తాను,
టక్కున.
పొయ్యిమీద ఎసరు మరుగుతోంది.