ఇరవై ఏడో తారీఖు కూర

ములుగు నుంచి ఆఖరి ట్రిప్పు కొట్టుకొచ్చి
హన్మకొండ డిపోల లెక్క అప్పజెప్పి
ఇల్లు జేరేసరికి పది దాటింది.
తొవ్వల కూరగాయల బండ్లన్నీ
టార్పాలిన్లు కప్పుకొని పండుకున్నయి.
బస్సు దిగుకుంట ఓదెలన్న అడిగిండు,
"ఇప్పుడు పోయి ఏం వండుతవ్ స్వరూపా?"
"ఏముంటె అదే" అన్న.
ఏమున్నదో నాకూ తెల్వది.

ఫ్రిజ్జుల మంచినీళ్ల సీసాలు,
గోలీ లెక్క బిగిసిన ఒక నిమ్మకాయ.
దాన్ని అట్లనే మూసి
అల్మారి తెరిచిన.

హార్లిక్సు సీసాల పల్లీలు.
బిస్కెట్ల డబ్బాల చింతపండు.
ఏ డబ్బా మీద ఏం రాసుంటదో
అది తప్ప ఇంకేదో ఉంటది లోపల.
మా అత్త పెట్టిన పద్ధతి ఇది,
దొంగలొస్తె తికమక పడాలె అనేది.
దొంగలైతె ఇప్పటిదాక రాలే,
ఇరవై ఏండ్ల సంది నేనే పడుతున్న.

చాయపత్త డబ్బాల శనిగెపిండి, రెండు గుప్పెండ్లు.
బతికినం అనుకున్న.
శనిగెపిండి కూర ఐదు నిమిషాల పని:
ఉల్లిగడ్డ సన్నగ కోసి నూనెల ఎర్రగ కానిచ్చి
పసుపు, ఉప్పు, కారం
(ఎనుమాముల మార్కెట్ల తాలుకాయ ఏరుకొచ్చి
పట్టించిన కారం, రంగుకే పేదది)
పిండిని నీళ్లల ఉండలు లేకుండ కలిపి పోసి
ఇగ గంటె ఆపొద్దు.
ఆపితివా, అడుగంటుతది.
టికెట్లు కొట్టినట్టే,
చెయ్యి ఆడుతనే ఉండాలె
కన్ను వెనుక డోరు మీదుండాలె.

అన్నం దించి మూకుడు పెట్టిన.
నూనె ఇంక కాగనే లేదు,
మంట ఒక్కసారి ఎగిరి
నా మొఖం చూసి ఆరిపోయింది.

సిలిండర్ రావాల్నంటె రెండు రోజులు.
జీతం రావాల్నంటె నాలుగు.

పిండి మళ్ల చాయపత్త డబ్బాలకే పోయింది.
అల్మారిని మొదటి నుంచి మళ్లొకసారి చదివిన.
పొయ్యిని అడగని కూర ఏదున్నది?

పచ్చిపులుసు.

చింతపండు నిమ్మకాయంత నానెయ్యాలె అంటరు,
మా ఇంట్ల కొలత రవళి పిడికిలి.
అది పెరుగుతున్నకొద్దీ
మా పులుసు పుల్లగైతున్నది.
ఉల్లిగడ్డ ముక్కల్ని ఉప్పుతోని పిసికిన.
కండ్లల్ల నీళ్లొచ్చినయి,
అవి ఉల్లిగడ్డయే,
వేరే ఖాతల రాసుకోకుండ్రి.
జీలకర్ర అరచేతుల నలిపి, బెల్లం గోరంత,
డబ్బా అడుగున నువ్వుల పొడి రెండు చెంచాలుంటె
డబ్బనే పులుసుల కడిగిన.

రవళి లేచొచ్చింది,
చెంప మీద నోటుబుక్కు స్పైరలు అచ్చు.
గిన్నెలకు తొంగిచూసి
"పోపు?" అన్నది.
గంతే అన్నది.
ఈ ఇంట్ల లేనివి ఎన్ని లేవు,
పిల్ల అడిగింది పోపు.

సిలిండర్‌ను రెండు చేతులతోని పట్టి వంచిన.
మేడారం జాతరప్పుడు బస్సుల అరిసినట్టే
"జరుగుండ్రి, ముందుకు జరుగుండ్రి,
ముందల జాగ ఉన్నది" అనుకుంట ఊపిన.
అగ్గిపుల్ల గీస్తె
పావలా బిళ్లంత మంట.

చెంచెడు నూనె. ఆవాలు.
రెండు ఎండుమిరపకాయలు,
ఎల్లిగడ్డ రెబ్బలు పొట్టుతోనే.
చిటపటమన్న ఆవాలు లెక్కపెట్టిన: పదకొండు.
మిగిలినయి ఊకున్నయి.
పావలా కూడ ఖర్చైపోయింది.

ఆ సగం పోపు పులుసుల పడ్డప్పుడు
చుయ్యిమని రాలే,
పక్కింట్ల ముసలాయన దగ్గినట్టు ఒక చిన్న సప్పుడు.
ఇల్లంత ఎల్లిగడ్డ వాసన మటుకు వచ్చింది.

నేల మీద కూసోని తిన్నం.
పల్లీలు పచ్చియే నంజుకున్నం.
రవళి మూడుసార్లు పోసుకొని
ఆఖరికి గిన్నె ఎత్తి తాగి
మీది పెదవి నాలుకతోని తుడుచుకున్నది.

"రేపు?"
"పొద్దుగాల సారక్క కరెంటు పొయ్యి అడుగుదం.
పిండి మనది, మంట ఆమెది,
కూర సగం సగం."

గిన్నెలు తోముతుంటె చూసిన,
స్కెచ్చు పెన్ను పట్టుకొని
చాయపత్త డబ్బా మీద
'శనిగెపిండి' అని రాయబోతున్నది.

"అయ్యో, రాయకు బిడ్డా," అన్న,
"దొంగలొస్తె?"