ఖాళీ కడుపున

తెల్లారి ఐదింటికి
సొచిమిల్కో కాలవల మీద మంచు విడవకముందే
ఎపిఫానియా ఒక మాత్ర మింగుతుంది.
తెల్లది, బియ్యపు నూక కంటే కాస్త పెద్దది.
ఆ తర్వాత అరగంట దాకా కాఫీ కూడదు.
ఆ అరగంటా ఆమె
నీళ్లతొట్ల పక్కన పీట వేసుకు కూచుంటుంది.

తొట్లలో ఆహొలోతెలు.
మెడకి అటూ ఇటూ ఎర్రటి ఈకల్లా మొప్పలు,
మూతికి ఎవరూ తుడవలేని నవ్వు.
ఏళ్లొస్తాయి గాని పసితనం పోదు.
పిల్లల్ని పెట్టి కూడా పిల్లలుగానే ఉండిపోతాయి.
కళ్లకి రెప్పల్లేవు,
నిద్రలో కూడా మనల్నే చూస్తున్నట్టుంటాయి.

సూర్యుడు కదలాలంటే
దేవుళ్లందరూ చావాలన్నారట.
ఒక్కడు మాత్రం జడుసుకుని
మొక్కజొన్న చేలో దూరాడు, కిత్తలి పొదలో దూరాడు,
ఆఖరికి ఈ నీళ్లలో దూరి ఇదిగో, ఇలా అయ్యాడు.
ఎపిఫానియా నాయనమ్మ చెప్పిన కథ.

మడుగులో దాక్కున్న రారాజుని
మాటలతో పొడిచి గట్టెక్కించిన కథ మనది.
ఇక్కడ మాట కూడా అక్కర్లేదు.

మెదడు కింద శనగగింజంత గ్రంథి
గొంతులోని గ్రంథికి కబురంపాలి:
ఇక చాలు, ఎదుగు.
వీటిలో ఆ కబురు సరిగ్గా బయల్దేరదు.
ఒళ్లంతా తలుపులు తీసే ఉన్నాయి,
ప్రతి కణమూ గుమ్మంలోకొచ్చి నిలబడింది,
పోస్టుమాను రాడు.

"నా గొంతు కోశారు" అంటుంది ఎపిఫానియా,
"నమ్మించి కాదు, మత్తిచ్చి."
గంటుని ముత్యాల పేరులా వేలితో తడుముతుంది.
గ్రంథి తీసేశాక
మాత్ర మోతాదు కుదరడానికి ఏడు నెలలు.
మే ఎండలో దుప్పటి.
దువ్వెన నిండా జుట్టు.
మొగుడు రొసెందో పిలిస్తే
ఆ పిలుపు ఎక్కడో నీటి పైనుంచి
వంకర తిరుగుతూ కిందికి దిగేది.
ఏడుద్దామనుకుంటే ఏడుపు మర్నాటికి వచ్చేది.
"అప్పుడు నాకూ మొప్పలుంటే సరిపోను."

చదువుకుంటున్న పిల్ల నయేలీ వచ్చి
ఏడో తొట్టిలో రోజుకిన్ని చుక్కలు కలిపింది.
"మీ మాత్రలో ఉన్నదే, దోన్యా.
ఇసుమంత కూడా తేడా లేదు."
నాలుగు అయోడిన్ల మనిషి అది,
ఒకదాన్ని చెప్పులా గుమ్మం బయట విడిచి
మూడింటితో లోపలికి అడుగుపెడుతుంది.
లోపల ఎవరున్నారని చూడదు.
కప్పపిల్ల తోకని కరిగించమంటుంది,
ఎపిఫానియా గుండెని కాస్త తొందరగా కొట్టుకోమంటుంది.
అదే సంతకం.
చదువుకునే ఒళ్లే వేరు.

మొదటివారం ఏమీ లేదు.
తర్వాత మొప్పలు
వాడిన తోటకూరలా వేలాడాయి.
తోక అంచు పల్చబడి పోయింది.
చర్మం చొక్కాలా ఊడింది, అది దాన్నే తినేసింది.
ఒక రాత్రి రాయెక్కి
ముక్కు పైకెత్తి గాలిని
తెలియని వంటకాన్ని రుచి చూసినట్టు మింగింది.
ఇక తొట్టిలో నీళ్లు తోడి తడి నాచు పరిచారు.
వెనక్కి వెళ్లే దారి లేదు,
ఆ కబురుకి తిరుగుటపా ఉండదు.

"దీన్ని అడిగారా?" అంది ఎపిఫానియా.
నయేలీ పుస్తకంలో బరువు రాసుకుంది, పద్దెనిమిది గ్రాములు తగ్గింది.
"నన్నూ ఎవరూ అడగలేదులే" అని
తనే సర్దుకుంది.
అయినా రోజంతా తిక్కగా ఉంది.
పడవలో బంతిపూల మొక్కలు తిరగేసి పెట్టింది.

ఈ వేళ ఐదింటికి
మాత్ర నాలుక మీద ఉండగానే చూసింది:
నవ్వు పోయిన మొహం,
మచ్చలేసిన కొత్త ఒళ్లు,
దాని కంటి మీదికి
ఒక పల్చటి మడత
మెల్లగా, ఎవరో నేర్పుతున్నట్టు, దిగింది.
మళ్లీ లేచింది.

ఆమె కూడా రెప్ప వేసింది.

అరగంట దాటినా కాఫీ గుర్తు రాలేదు.
డబ్బా ఊపి చూసింది.
ఇంకా పదకొండు.