చేతికియ్యకూడదు

మా అవ్వ పీరమ్మ పరుపులు కుట్టేది.
ఆదోని పత్తి, నాయన ఏకిన దూది, అవ్వ దారం.
ఎవరన్నా సూది అడిగితే చేతికిచ్చేది కాదు,
చాప మీద పెట్టి "తీసుకో" అనేది.
చేతి నుంచి చేతికి పోతే మనుషులు చెడతారంట.
దీపం పెట్టినాక అయితే
గడపలో నిలబడి బతిమాలినా లేదనేది,
రవిక మీద గుచ్చుకొని కనపడతానే ఉన్నా.

మార్కెట్ యార్డు వెనక నా మందుల షాపు.
దీపాలు పెట్టినాకే నా కాడికి సూదులకొస్తారు.

కౌంటరుకు అవతల, వాళ్ళ వైపు,
నడుమెత్తున గోడకు బిగించిన తెల్ల డబ్బా.
మూతి సన్నం. లోపలికి పోయింది బయటికి రాదు.
ముప్పాతిక కాడ ఎర్ర గీత.
గీత దాటితే పట్టవని కాదు,
పట్టించాలని చూసే వేలికి తగులుతాదని.

ఉరుకుందు థమ్సప్ సీసాలో తెస్తాడు.
పగలంతా పత్తి మూటలు మోసి
మెడ కింద గోనె గీరిన ఎరుపు.
మోచేతి మడత వాడు చూపించడు, నేను చూడను.
మొదటిరోజు సీసా నా చేతికియ్యబోయినాడు.
వెనక్కి జరిగినాను.
"అంటుకుంటాదనా అక్కా?"
ట్రైనింగు పుస్తకంలో దీనికి జవాబుంది, తొమ్మిదో పేజీలో.
నా నోటికి మాత్రం అవ్వ వచ్చింది:
"సూది చేతికియ్యకూడదు నాయనా,
మనిద్దరికీ కొట్లాటొస్తాది."
నవ్వినాడు. వాళ్ళ జేజి గూడా అదే అనేదంట.
మూత వాడే తిప్పి, సీసా వాడే వంచినాడు.
కంది గింజలు చాటలో పడినట్టు పడినాయి.

నేను లెక్కపెట్టను. లెక్కకు ముట్టుకోవాల.
"ఎన్ని?" అంటాను, చెప్పిన అంకె రాసుకుంటాను.
పది తీసుకపోయినోడు ఈపొద్దు "ఏడు" అన్నాడు.
పది అనుంటే నాకెట్లా తెలుస్తాది?
ఏడే అన్నాడు.

షట్టరు దించినాక
ఆ మూడూ నా వెంబడి ఇంటికొచ్చినాయి.
రైలు పట్టాల పక్క కంప చెట్ల కింద ఉన్నాయో,
జిన్నింగు మిల్లు గోడకాడ దుమ్ములోనో,
కాలవలోనో.
తెల్లారుజామున ఆ కాలవలోనే సుంకమ్మ చెయ్యి పెడతాది.
కుడిచేతి గ్లౌజు చిరిగి ఆర్నెల్లు.

పోయినేడు శ్రావణంలో
బొటనవేలు పట్టుకొని ఉరికొచ్చింది.
నోట్లో పెట్టుకోబోతుంటే అరిచినాను.
కుళాయి తిప్పి, సబ్బు రాయించి,
పిండొద్దు, పిండొద్దు అంటా
ఆటోలో పెద్దాసుపత్రికి.
ఇరవై ఎనిమిది దినాలు మాత్రలు.
వాంతులు చేసుకుంటానే వీధులు ఊడ్చింది.
మూడు నెలలకు కాయితం వచ్చింది, ఏమీ లేదని.
షాపు మెట్ల మీద కూర్చొని ఇద్దరం టీ తాగినాము.
ఆ సూది ఎవరిదని ఆమె అడగలేదు.
నేనిచ్చిందేనేమో అని
నేనూ చెప్పలేదు.

"సూదులిచ్చి పిల్లోళ్ళను చెడగొడ్తాంది"
అంటాడు ఎదురు ఎరువుల షాపు చెన్నబసప్ప.
తొమ్మిది దాటినాక వాడే వస్తాడు,
భార్యకేసిన ఇన్సులిన్ సూదులు
పేపర్లో చుట్టుకొని, దొంగసరుకు తెచ్చినట్టు.
"ఇవి వేరే" అంటాడు.
డబ్బా ఏమీ అనదు.

ఈ రాత్రి మళ్ళా ఉరుకుందు. కొత్తవి కావాలంట.
ఆ మూడూ అడగాలనుకున్నాను.
అడిగితే రేపు పది అంటాడు, అబద్ధం,
ఎల్లుండి రానే రాడు.
నెత్తి మీద బల్బు వెలుగుతానే ఉంది.
అవ్వా, ఏమనుకోవద్దు.
పొట్లం కౌంటరు మీద పెట్టి
"తీసుకో" అన్నాను.

రేపు మంగళవారం, కర్నూలు నుంచి బండొస్తాది.
డబ్బాలో గీతకింద ఇంకా రెండు వేళ్ళ జాగా ఉంది.
మూడు సూదులకు చాలు.